ఎనిమిది లక్షల ఏళ్ల తరువాతి లోకం: వెల్స్ ‘టైమ్ మెషీన్’ను ఇవాళ ఎలా చదవాలి?

కోటిపల్లి రేవు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కోనసీమలోని మా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి కలుసుకొని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే చిన్న బృందం మాది. రైతులు, ఉపాధ్యాయులు, కాలేజీ పిల్లలు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు వస్తుంటారు. ఈసారి హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’ తీసుకున్నాం. 1895లో పుస్తకంగా వచ్చేనాటికి రచయితకు 28 ఏళ్లు. ఇంగ్లీషు కొంత పాతది కాబట్టి ఒక్కొక్క అధ్యాయాన్నీ ముందుగా నేను తెలుగులో చెప్పి, ముఖ్యమైన పేరాలను మూలంలో చదివి వినిపిస్తున్నాను.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో ఒక శాస్త్రజ్ఞుడు కాలంలో ప్రయాణించే యంత్రాన్ని తయారుచేసి క్రీ.శ. 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అప్పటికి మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. నేల మీద ఉండే ఈలోయ్‌లు నాలుగడుగుల ఎత్తున, నాజూకుగా ఉండి, ఏ పనీ చేయకుండా పళ్లు తింటూ ఆడుకుంటూ బతుకుతుంటారు. నేల కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు రాత్రిపూట పైకి వచ్చి ఆ ఈలోయ్‌లనే పట్టుకుపోయి తింటుంటారు. అతడు వారి చేతుల్లోంచి తప్పించుకొని ఇంకా ముందుకు, మూడు కోట్ల ఏళ్ల అవతలికి వెళ్లి, ఆరిపోతున్న సూర్యుణ్ణి ఒక సముద్రతీరం నుంచి చూసి తిరిగి వస్తాడు.

మా బృందంలో చాలామందికి ఈ పుస్తకం నచ్చలేదు. సూర్యుడు మూడు కోట్ల ఏళ్లలో చల్లారిపోతాడన్నది తప్పని తేలిపోయింది కదా, ఇంకా ఎందుకు చదవాలి అని ఒకరు అడిగారు. పాత్రలకు సరైన పేర్లే లేవనీ, కాలయాత్రికుడు, వైద్యుడు, మనస్తత్వవేత్త అంటూ పోతే ఎవరి మీదా మనసు నిలవదనీ మరొకరు అన్నారు. పెద్దలలో ఒకరు, బ్రహ్మలోకానికి వెళ్లి తిరిగి వచ్చేసరికి భూమి మీద యుగాలు గడిచిపోయిన రైవతుడనే రాజు కథ గుర్తుచేసి, ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నదే అన్నారు. ఈ మాటలన్నింటిలోనూ కొంత నిజం ఉన్నదని ఒప్పుకుంటూనే, చదివిన ప్రతిసారీ నాకు ఈ నవల మీద గౌరవం పెరుగుతున్నది. ఆ గౌరవానికి కారణం ఏమిటో వారికి వివరించి చెప్పలేకపోతున్నాను. వచ్చే సమావేశానికి ముందు, దీనిని శ్రద్ధగా చదివినవారు ఏ కోణం నుంచి చదివితే దీని గొప్పతనం తెలుస్తుందో చెప్పగలరా?

వశిష్ఠ గట్టు

కోటిపల్లి రేవు గారికి నమస్కారం. మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే భవిష్యత్తును ఊహించిన నవలలలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నాకు తోచిన మార్గం ఒక్కటే: భవిష్యత్తులో ఏం జరుగుతుందో చెప్పే జోస్యంగా కాక, తెలియని చోట చిక్కుకున్న ఒక మనిషి కంటికి కనిపించిన ఆధారాలతో ఆ చోటిని అర్థం చేసుకోవడానికి పడే పాటుగా ఈ నవలను చదవాలి. అలా చదివితే సూర్యుడి లెక్క తప్పడం వల్ల పుస్తకానికి వచ్చే నష్టం ఏమీ ఉండదు.

ముందు చోటు గురించి చెబుతాను. ఆ యంత్రం కాలంలో ఎంత దూరం వెళ్లినా భూమి మీద ఒక్క అడుగు కూడా కదలదు. 8,02,701లో అతడు దిగిన పచ్చిక మైదానం, తన ప్రయోగశాల ఉన్న నేలే. మోర్లాక్‌లు ఆ యంత్రాన్ని లాక్కుపోయి తెల్లని స్ఫింక్స్ విగ్రహం పీఠంలో దాచిపెడతారు. అతడు తిరిగి వచ్చేసరికి యంత్రం ప్రయోగశాలలో బయలుదేరిన ఆగ్నేయ మూలలో కాక, వాయవ్య దిక్కున గోడకు ఆనుకొని ఉంటుంది. పచ్చిక నుంచి స్ఫింక్స్ పీఠం దాకా ఉన్న దూరమూ, ఆ రెండు మూలల మధ్య దూరమూ సరిగ్గా ఒకటే. ఇంత విచిత్రమైన కథలో రచయిత ఇంత చిన్న లెక్కను కూడా వదిలిపెట్టలేదు. మీ బృందంలో సందేహించేవారికి ఈ వాక్యాలను తప్పక చదివి వినిపించండి.

అదే చోట ఉన్నందువల్ల అతడు నదిని కూడా గుర్తుపడతాడు. కొండ మీది నుంచి చూస్తూ, థేమ్స్ నది ఇప్పుడున్న చోటు నుంచి ఒక మైలు దూరం జరిగి ఉండవచ్చునని అంటాడు. ఇంగ్లండులో చదివేవారు ఆ వాక్యాన్ని గమనించకుండా దాటిపోవచ్చు గాని, గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగిన మనకు అక్కడ ఆగక తప్పదు. ఒక ఒడ్డున కొబ్బరి తోటలతో సహా లంక భూమి కోతకు గురై నీళ్లలో కలవడం, ఆవలి ఒడ్డున కొత్తగా ఒండ్రు మేట వేసి మరో లంక లేవడం మన పెద్దలు తమ జీవితకాలంలోనే చూశారు. నదికి ఒక మైలు జరగడానికి ఎనిమిది లక్షల ఏళ్లు ఎందుకు అని మన మనసు వెంటనే అడుగుతుంది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. సుమారు 20,000 ఏళ్ల క్రితం, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. మన తీరరేఖ అప్పుడు చాలా దూరం తూర్పున ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చి, సుమారు 7,000 ఏళ్ల క్రితం ఆ పెరుగుదల నెమ్మదించిన తరువాతనే గోదావరి తెచ్చిన ఒండ్రు నిలిచి మన డెల్టా నేటి రూపానికి వచ్చింది. ఆ లెక్కన వెల్స్ చెప్పిన కాలం మన డెల్టా వయసుకు వంద రెట్లకు పైన. థేమ్స్ కూడా సుమారు 4,50,000 ఏళ్ల క్రితం ఇప్పటి దారికి ఉత్తరాన ప్రవహిస్తూ ఉండగా, హిమానీనదం అడ్డుపడి దానిని లండన్ వైపు తోసింది. కాబట్టి ఒక మైలు అన్నది చాలా తక్కువ అంచనా. అయినా ఈ విషయంలో నేను రచయిత పక్షమే. నదిని పూర్తిగా చెరిపేసి ఉంటే, ఇది మన ఊరే అన్న గుర్తింపు పాఠకుడికి మిగిలేది కాదు. నది కనిపించాలి, కాని ఉన్న చోట ఉండకూడదు. అతడు ఎన్నుకున్న ఒక మైలు ఆ పని చేస్తుంది.

ఇక ఊహల సంగతి. నవలకు ఆయువుపట్టు ఇదే. యాత్రికుడు దిగగానే విడివిడి ఇళ్లు కనిపించవు, పెద్ద పెద్ద భవనాలే కనిపిస్తాయి. అందరి బట్టలూ ఒకే తీరుగా ఉంటాయి. దానితో ఇది కమ్యూనిజం అనుకుంటాడు. ప్రకృతిని పూర్తిగా లొంగదీసుకున్న తరువాత బలానికీ తెలివికీ పని లేకుండా పోయి మనిషి చిన్నవాడైపోయాడని ఒక పెద్ద సిద్ధాంతం అల్లుకుంటాడు. అయితే దానికి పొసగని సంగతులు ఒక్కొక్కటిగా ఎదురవుతాయి. ముసలివాళ్లు కనిపించరు, శ్మశానాలూ సమాధులూ కనిపించవు. బట్టలూ చెప్పులూ ఉన్నాయి గాని వాటిని నేసేవారూ కుట్టేవారూ కనిపించరు. లోతైన బావుల లోపల నుంచి యంత్రాల చప్పుడు వినిపిస్తుంటే వాటిని మురుగునీటి ఏర్పాటు అనుకుంటాడు. ఈలోయ్‌లు చీకటికి ఎందుకంత భయపడుతున్నారో తెలియదు.

మోర్లాక్‌లను చూశాక మొదటి సిద్ధాంతం కూలిపోతుంది. పెట్టుబడిదారుల సంతతి పైన, శ్రామికుల సంతతి కింద మిగిలాయనీ, పైవారు యజమానులు, కిందివారు బానిసలనీ రెండవ సిద్ధాంతం కట్టుకుంటాడు. తరువాత బావిలోకి దిగినప్పుడు అక్కడ బల్ల మీద మాంసం కనిపిస్తుంది. అది ఎవరి మాంసమో తెలిసేసరికి యజమానులెవరో, మేపుడు పశువులెవరో తలకిందులైపోతుంది. ఆ చివరి వివరణ కూడా పూర్తిగా తప్పు కావచ్చునని యాత్రికుడే ఒప్పుకుంటాడు. తప్పుడు సిద్ధాంతాలు చాలావరకు నమ్మదగినట్టే కనిపిస్తాయన్న అర్థం వచ్చే మాట కూడా అతడి నోటనే వస్తుంది. సుదూర భవిష్యత్తు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన కథకుడు మరొకడు నాకు తారసపడలేదు.

భౌతికశాస్త్రం మాస్టారు

వశిష్ఠ గట్టు గారు సారం చెప్పేశారు. శాస్త్రం పాతబడిందన్న ఫిర్యాదుకు మాత్రం నేను సమాధానం చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇంటర్ విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు ఈ నవలలోని సూర్యుణ్ణి నేను తరచుగా తీసుకువస్తుంటాను.

1895 నాటికి సూర్యుడు ఎందుకు వెలుగుతున్నాడో ఎవరికీ తెలియదు. సూర్యగోళం తన బరువుతో తాను కుంచించుకుపోతూ ఆ శక్తిని వేడిగా విడుదల చేస్తున్నదన్నది అప్పట్లో ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. ఆనాటి భౌతికశాస్త్రవేత్తలు హెల్మ్‌హోల్ట్జ్, లార్డ్ కెల్విన్ ఈ దారిలో లెక్క కట్టారు. ఆ లెక్క ప్రకారం సూర్యుడి ఆయుష్షు మొత్తం కలిపి కొన్ని కోట్ల ఏళ్లకు మించదు. అంటే వెల్స్ రాసిన మూడు కోట్ల ఏళ్లు ఆనాటి అత్యుత్తమ భౌతికశాస్త్రం చెప్పిన లెక్కకు లోబడినవే. అతడు థామస్ హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నవాడు, శాస్త్ర పాఠాలు చెప్పి బతికినవాడు. తోచినట్టు అంకెలు వేసే రకం కాదు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1896లో, బెకరెల్ రేడియోధార్మికతను కనుగొన్నాడు. పరమాణు కేంద్రకాలలో ఎంత శక్తి దాగి ఉన్నదో మెల్లమెల్లగా తెలిసింది. 1939లో హాన్స్ బేతే సూర్యుడి వంటి నక్షత్రాలలో హైడ్రోజన్ హీలియంగా మారే చర్యలను వివరించాడు. ఇప్పుడు సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లనీ, ఇంకా దాదాపు 500 కోట్ల ఏళ్లు వెలుగుతాడనీ చెబుతున్నాం.

మరొక సంగతి కూడా ఉంది. ఆ చివరి తీరంలో సూర్యుడు ఎర్రగా, చాలా పెద్దగా, దిగంతం మీద కదలకుండా నిలబడి ఉంటాడు. కదలకపోవడానికి కారణం సముద్రపు పోటుపాట్లని నవల చెబుతుంది. చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జ్ డార్విన్ పోటుపాట్ల రాపిడి వల్ల భూభ్రమణం నెమ్మదిస్తుందని గణితంతో చూపించాడు. నవలలో చిన్న డార్విన్ అని ప్రస్తావించినది ఆయననే. ఈ భాగం నేటికీ చెక్కుచెదరలేదు. మన ఏటిమొగల్లో రోజుకు రెండుసార్లు వచ్చే పోటు కూడా ఆ రాపిడిలో పాలు పంచుకుంటున్నదే. దానివల్ల పగలూ రాత్రీ కలిసిన రోజు నిడివి శతాబ్దానికి సుమారు రెండు మిల్లీసెకన్లు పెరుగుతున్నది, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. మూడు కోట్ల ఏళ్లలో భూమి ఒకే ముఖం సూర్యుడి వైపు పెట్టి ఆగిపోతుందన్నది మాత్రం చాలా తొందరపాటు లెక్క; అంతకాలంలో రోజుకు పెరిగేది పది నిమిషాలే.

లెక్కలంటే ఇష్టపడే విద్యార్థులు మీ బృందంలో ఉంటే వారికి ఒక పని అప్పగించండి. రాత్రి ఆకాశం చూస్తూ యాత్రికుడు పాత నక్షత్రమండలాలన్నీ మారిపోయాయని గమనిస్తాడు. భూమి అక్షం ఆకాశంలో గీసే పెద్ద చుట్టు తాను దాటివచ్చిన కాలంలో నలభైసార్లే పూర్తయిందని అనుకుంటాడు. ఆ చుట్టుకు సుమారు 25,800 ఏళ్లు పడుతుంది. 8,02,701ని దానితో భాగిస్తే ముప్పై ఒకటి వస్తుంది గాని నలభై రాదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో వాదించుకోనివ్వండి. లెక్క తప్పిన చోట కూడా ఒక పుస్తకం పాఠకుడి చేత కాగితమూ కలమూ పట్టించగలిగిందంటే, దానిని పాతబడిన పుస్తకం అనడానికి నాకు మనసొప్పదు.

పాలకొల్లు పాఠకురాలు

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూనే, ఒక అసంతృప్తిని దాచకుండా చెబుతాను. మీ బృందం మూడు అభ్యంతరాలు చెప్పింది గాని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది వారు చెప్పలేదు. ఈ నవలలో మోర్లాక్‌ల మాట మనకు వినిపించదు. యాత్రికుడు ఈలోయ్‌ల భాష నేర్చుకోవడానికి ప్రయత్నిస్తాడు, వీనా అనే ఈలోయ్ స్త్రీని ఏట్లో మునిగిపోతుంటే కాపాడి ఆమెతో స్నేహం చేస్తాడు. యంత్రాలు నడిపేదీ, ఈలోయ్‌లకు బట్టలు అందించేదీ మోర్లాక్‌లే అని స్వయంగా ఊహించి కూడా, బావిలో ఒకసారి వారిని పిలిచి చూసి, వారి భాష వేరని తోచగానే మాట్లాడే ప్రయత్నం అంతటితో వదిలేస్తాడు. ఇనుప కడ్డీతో కొడతాడు, అగ్గిపుల్లలు గీసి బెదరగొడతాడు. ఇంత జాగ్రత్తగా ఆధారాలు వెతికే మనిషి ఆ ఒక్క చోట వెతకడం మానేశాడు.

రచయిత జీవితం తెలిసినవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది. వెల్స్ తల్లి అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో గృహ నిర్వాహకురాలిగా పనిచేసింది. ఆ భవనంలో పనివారు తిరిగేందుకు నేల కింద సొరంగాలు ఉన్నాయి. చిన్నతనంలో అతడు అక్కడ గడిపాడు. పైన వెలుతురులో అతిథులు, కింద చీకట్లో పనివారు అన్న అమరిక అతడికి పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. తన తల్లి ఉన్నది కింది వైపున. అయినా కథలో భయమంతా కిందివారి మీద పెట్టాడు, ప్రేమంతా పైవారికి ఇచ్చాడు. నేను ఈ పుస్తకం చదివిన ప్రతిసారీ, మా ప్రాంతంలో రొయ్యల చెరువు గట్టు మీద రాత్రంతా ఏరియేటర్ల చప్పుడులో కాపలా కూర్చునే మనిషి గుర్తుకు వస్తాడు. ఆ రొయ్యలు వండుకొని తినే ఇంట్లో అతడి పేరు ఎవరికీ తెలియదు.

అయితే ఈ కారణంగా పుస్తకాన్ని పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. నిజానికి ఈ ప్రశ్న అడగడానికి కావలసిన సరంజామా అంతా నవలలోనే ఉన్నది. యాత్రికుడి రెండవ సిద్ధాంతంలో రచయిత తన కాలపు ఇంగ్లండును నేరుగా వేలెత్తి చూపించాడు: లండన్‌లో భూగర్భ రైళ్లు, నేల కింది పనిశాలలు పెరుగుతున్నాయనీ, లండన్‌లో శ్రామికులు ఉండే ఈస్ట్ ఎండ్ ప్రాంతపు కూలివాడు ఇప్పటికే నేల మీది సహజ వాతావరణానికి దూరంగా బతుకుతున్నాడనీ యాత్రికుడి చేత అనిపించాడు. భవిష్యత్తు అంటున్నది 1895 కడుపులోనే పెరుగుతున్నదని ఇంత సూటిగా చెప్పినందుకు నేను అతడిని మెచ్చుకుంటాను. మీ సమావేశంలో ఎవరైనా ఒకరు మోర్లాక్‌ల పక్షాన మాట్లాడితే చర్చ బాగుంటుందని నా అభిప్రాయం.

పాత్రలకు పేర్లు లేవన్న ఫిర్యాదు నాకు పెద్దగా తోచలేదు. యాత్రికుడు తన ఇంట్లో విందుకు పిలిచి ఈ కథ చెప్పేది వారికే; ఆ విందుకు వచ్చినవారు మనుషులుగా కంటే వృత్తులుగానే ముఖ్యం. వైద్యుడు, సంపాదకుడు, పాత్రికేయుడు తమ తమ అలవాటు ప్రకారం ఒకే కథను ఎలా నమ్మకుండా పోతారో చూపడమే అక్కడి పని.

కోటిపల్లి రేవు

అందరికీ కృతజ్ఞతలు. పాలకొల్లు పాఠకురాలి గారూ, మోర్లాక్‌ల పక్షం వాదించడానికి మా బృందంలో ఒక రైతు గారు అప్పుడే సిద్ధమయ్యారు. రైవతుడి కథ విషయమే ఇంకా మిగిలింది. ఆ పెద్దాయన మాటను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఆయన ప్రేమతో చెప్పిన మాట అది. అలాగే పచ్చ పింగాణీ భవనం అధ్యాయం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. గ్రంథాలయంలో కూర్చొని చదువుతున్నాం కాబట్టి అక్కడ మేము ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నాం.

గౌతమి ఒడ్డు

కోటిపల్లి రేవు గారూ, ఆ పెద్దాయనను కొట్టిపారేయవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవమని ఆయననే అడగండి. భాగవతం నవమ స్కంధంలోనూ విష్ణుపురాణంలోనూ ఉన్న కథ ఇది. రైవత కకుద్మి అనే రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుడు ఎవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ సంగీతం సాగుతుండగా కొద్దిసేపు వేచి ఉంటాడు. అంతలో భూలోకంలో 27 చతుర్యుగాలు గడిచిపోయాయని బ్రహ్మ చెబుతాడు. చతుర్యుగానికి 43,20,000 ఏళ్లు కాబట్టి ఆ నిరీక్షణ 11,66,40,000 ఏళ్లు; వెల్స్ చివరి మజిలీ కంటే దాదాపు నాలుగు రెట్లు. రాజు తిరిగి వచ్చేసరికి మనుషులు పొట్టివారై, బలమూ తెలివీ తగ్గిపోయి ఉంటారని విష్ణుపురాణం చెబుతుంది. పూర్వయుగానికి చెందిన రేవతి చాలా పొడవుగా ఉండడం చూసి బలరాముడు నాగలి కొనతో ఆమె ఎత్తు తగ్గించిన ముచ్చట కూడా ఆ పురాణంలోనిదే.

నాలుగడుగుల ఈలోయ్‌లకూ, రైవతుడు చూసిన పొట్టి మనుషులకూ ఉన్న పోలిక నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. తేడా కూడా అక్కడే తెలుస్తుంది. పురాణంలో మనుషులు క్షీణించడం యుగధర్మం. ఎందుకు క్షీణించారని రైవతుడు అడగడు, అడగవలసిన పని లేదు, అతడికి కావలసింది అల్లుడు. హక్స్‌లీ శిష్యుడైన వెల్స్‌కు మాత్రం ఎందుకు అన్నదే మొత్తం కథ. ప్రమాదమూ శ్రమా లేని చోట శక్తి నిలబడదన్న పరిణామవాద హేతువు ఒకటి చూపించి, దానిని మళ్లీ తానే పరీక్షకు పెడతాడు. కాలం గురించి ఆలోచించిన గొప్ప ఊహలు రెండూ. ముందు ఎవరు అన్న పోటీ పెడితే రెండింటికీ అన్యాయమే జరుగుతుంది.

మన ప్రేక్షకులకు కాలయంత్రం అనగానే 1991 నాటి ‘ఆదిత్య 369’ గుర్తుకు రావడం సహజం. అందులో యంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లి, అక్కడి నుంచి భవిష్యత్తుకు వెళ్తుంది. వెల్స్ యాత్రికుడు తాను చెప్పిన కథలో ఒక్కసారి కూడా గతంలోకి వెళ్లడు. మీ విద్యార్థులు ఆ సినిమా వల్ల వేరే అంచనాతో వచ్చి ఉంటే ముందుగానే ఈ సంగతి చెప్పండి.

పచ్చ పింగాణీ భవనం గురించి మీరు అడగడం నాకు ఎంతో నచ్చింది. అది శిథిలమైన ఒక ప్రదర్శనశాల. లోపల బ్రాంటోసారస్ వంటి ప్రాచీన జంతువుల ఎముకల గూళ్లు, తుప్పు పట్టిన యంత్రాలు ఉంటాయి. ఒక పెద్ద గదిలో మాసిన జెండాల్లాగా గోధుమరంగు పీలికలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి కుళ్లి శిథిలమైపోయిన పుస్తకాలని అతడికి కొంచెంసేపటికి తెలుస్తుంది. అంత కాగితం నాశనమైపోయిందే అని దిగులు పడుతూ, దృశాశాస్త్రం (కాంతి గురించిన శాస్త్రం) మీద తాను రాసిన పదిహేడు పరిశోధన పత్రాలను తలుచుకుంటాడు. ఆ గదిలో అతడికి పనికివచ్చేది ఏదీ దొరకదు. వేరే గదులలో గాలి చొరబడని పెట్టెలో ఒక అగ్గిపెట్టె, మూసిన సీసాలో కర్పూరం దొరుకుతాయి. ఆ రాత్రి మోర్లాక్‌ల నుంచి ప్రాణం కాపాడుకోవడానికి అవే ఆధారం. వీనా దూరం కావడానికి కారణమైన అడవి మంట రాజుకున్నదీ అతడు వెలిగించిన నిప్పు వల్లనే. ఏ వస్తువు మిగిలింది, ఏది మిగలలేదు, మిగిలినది దేనికి ఉపయోగపడింది అన్న మూడు విషయాలనూ రచయిత ఎక్కడా విడమర్చి చెప్పలేదు. చదివేవారే కూడబలుక్కోవాలి. వశిష్ఠ గట్టు గారు చెప్పిన పద్ధతికి ఈ అధ్యాయం అన్నిటికంటే మంచి ఉదాహరణ.

సమావేశం నడిపే తీరు గురించి ఒక సూచన చేస్తాను. యాత్రికుడు బావిలోకి దిగే అధ్యాయానికి ముందు చదవడం ఆపండి. అప్పటివరకు తెలిసిన ఆధారాలను మాత్రమే ఆధారం చేసుకొని ఈ లోకం ఇలా ఎందుకు తయారైందో ప్రతి ఒక్కరినీ నాలుగు వాక్యాలలో రాయమని అడిగి, ఆ కాగితాలు తీసి ఉంచండి. కథ ముందే తెలిసినవారు ఉంటే వారిని మోర్లాక్‌ల పక్షం వాదించే రైతు గారికి సహాయంగా పెట్టండి.

చివరగా ఒక జాగ్రత్త చెప్పాలి. పుస్తకంగా రాకముందు ఈ నవల 1895 జనవరి నుంచి మే వరకు ‘ది న్యూ రివ్యూ’ అనే పత్రికలో ధారావాహికగా వచ్చింది. సంపాదకుడు విలియం హెన్లీ కోరిక మీద అందులో మరొక మజిలీ చేర్చారు. ఈలోయ్‌లకూ చివరి సముద్రతీరానికీ మధ్య ఒక కాలంలో యాత్రికుడు దిగి, కుందేలునో కంగారూనో తలపించే చిన్న జంతువులను చూసి, అవి మనిషి సంతతి కావచ్చునని అనుమానిస్తాడు. పుస్తకంలో వెల్స్ ఆ భాగాన్ని తొలగించాడు. కొన్ని ప్రతులలో అనుబంధంగా వేస్తున్నారు కాబట్టి మీ విద్యార్థులకు అది కనబడవచ్చు. నా మట్టుకు, తొలగించడమే సరైన పని. ఆ మజిలీ ఉంటే మనిషి ఏమయ్యాడో రచయితే చెప్పేసినట్టవుతుంది; అది లేకపోతే పీతలు పాకే ఆ చివరి తీరంలో మన జాడ ఎక్కడ పోయిందో చదివేవారే ఆలోచించుకోవాలి. మీ బృందంలో ఎవరైనా ఆ భాగాన్ని తీసుకువస్తే, నవల మొత్తం పూర్తయిన తరువాతనే చదవనివ్వండి.